పచ్చి గోడ

ఆ పాత గ్రంథాలయం ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాను. అందులో అడుగుపెట్టి రెండేళ్ళయింది. గుమ్మం పక్కన ఇత్తడి రేకు మీద ‘సంప్రదాయ పద్ధతిలో పునరుద్ధరించబడినది’ అని చెక్కించారు. ఆ రేకు తుడవడానికి ఒక మనిషిని కూడా పెట్టారు. లోపల హాలు గోడలకు ఉన్నది పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ రంగు. మొదటి వానలకే ఆ రంగు బుడగలు లేచిందనీ, బుడగ మీద వేలు పెడితే లోపల తడి చల్లగా తగులుతోందనీ చూసొచ్చినవాళ్ళు చెప్పారు. వాళ్ళకది వింత. నేను మాట మార్చేస్తాను.

ఆ గోడల మీద అంతకు ముందు ఉన్నది మా బావ పనితనం. బావంటే మా అక్క మొగుడు. తాపీ పట్టి నలభై రెండేళ్ళు. పని తెలిసినవాళ్ళంతా ఆయన్ని డొల్లాయన అంటారు. ఎక్కడికి వెళ్ళినా ముందు వేలి కణుపుతో గోడ మీద కొట్టి, చెవి ఆనించి వింటాడు. గోడకీ పైన పూసిన గిలాబాకీ మధ్య ఖాళీ ఉంటే మోత తేడాగా వస్తుంది. అప్పుడు ఆయన ఒకటే మాట అంటాడు, “డొల్ల” అని.

నేను అప్పు చేసి ఇల్లు కట్టుకున్నప్పుడు చూడడానికి వచ్చాడు. మంచినీళ్ళు ఇచ్చేలోపే ముందుగది గోడ మీద మూడుచోట్ల కొట్టి మూడుసార్లూ డొల్ల అన్నాడు. మా ఆవిడ ముఖం మాడ్చుకుంది. అక్క ఆయన చెయ్యి పట్టుకుని లాగింది.

“మీరు మనుషుల్ని చూడ్డానికొచ్చారా, గోడల్ని చూడ్డానికొచ్చారా?”

“మనుషుల్ని ఇలా కొట్టి చూస్తే ఊరుకోరు కదే” అన్నాడు బావ.

ఆ గోడ మరుసటి ఏడాది పెచ్చులూడింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ తప్పు బావదే అంటుంది.

మొదట్లో బావ కూడా సిమెంటు మనిషే. పడుచుతనంలో ఎంత వేగంగా పూసేవాడంటే, కింద సిమెంటు మాలు కలిపేవాళ్ళు ఆయనకు అందించలేక తిట్టుకునేవాళ్ళు. అప్పట్లోనే ఆ గ్రంథాలయం గోడలు మాసిపోయాయని ఎవరికో తోచి, పాత సున్నం చెక్కించి సిమెంటు కొట్టించారు. ఆ పని చేసిన ఆరుగురిలో బావ ఒకడు. వారం రోజుల పనిని నాలుగు రోజుల్లో ముగించి శభాష్ అనిపించుకున్నారు. కొన్నేళ్ళ తరవాత ఏదో చిన్న మరమ్మతుకని వెళ్ళి అదే గోడలో మేకు కొడితే, సిమెంటు పెంకు ఒక్కటే పలకలా ఊడి చేతికొచ్చిందట. వెనకాల ఇటుక ఇటుకలా లేదు. గుప్పిట్లో పట్టి నలిపితే ఎర్రటి పొడి అయింది. పాత ఇటుక తడిని పీలుస్తుంది, వదులుతుంది. సున్నం ఆ తడిని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపలి తడి లోపలే ఉండి, ఉప్పు పొంగి, ఇటుకను తినేస్తుంది.

“ఆ పొడి చూసి నా మీద నాకే అసహ్యం వేసిందిరా” అని చెప్పేవాడు. “మెచ్చుకున్నారని మురిసిపోయిన పని అది. బతికున్నదాన్ని గొంతు నులిమి, పైన దుప్పటి కప్పొచ్చాం.”

అప్పటి నుంచి సున్నప్పని వెతుక్కుంటూ తిరిగాడు. తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ళలో ఒక ముసలాయనకు రెండేళ్ళు చాకిరీ చేసి నేర్చుకున్నాడు. ఇంటి పెరట్లో గుంట తవ్వి సున్నం నానబెట్టేవాడు. ఆరు నెలలకు తక్కువైతే తాకేవాడు కాదు. తాపీతో తీసి వాలుగా పట్టుకుంటే సున్నం అంటుకోకుండా జారిపోవాలి, అప్పుడే అది పనికొస్తుంది. గోళ్ళ చుట్టూ చర్మం పగిలి ఎప్పుడూ తెల్లగా ఉండేది. అన్నం కలుపుకుంటుంటే ఆ పగుళ్ళలో కారం దిగి, పళ్ళు బిగించుకుని తినేవాడు. అక్క చెంచా ఇస్తే పక్కన పెట్టేవాడు.

నేను కాగితాల మనిషిని. కట్టుబడి పనుల దగ్గర గుమాస్తాగా చేస్తాను. ఇటుక ఎంత వచ్చింది, ఇసుక ఎంత వచ్చింది, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఇవన్నీ రాయడం నా పని. బావకు చదవడం వచ్చు కానీ కూడబలుక్కుంటూ చదువుతాడు. రాయడం అంటే చిరాకు. అందుకని ఇరవై ఏళ్ళుగా ఆయన తరఫున ఉత్తరం, అర్జీ, రసీదు ఏదైనా నేనే రాస్తున్నాను. ఆయన చదవకుండా సంతకం పెట్టేస్తాడు. అది నాకు గొప్పగా ఉండేది.

గ్రంథాలయాన్ని బాగుచేయాలని పాత కట్టడాల ఆఫీసు వాళ్ళు అనుకున్నప్పుడు, ఆ పని చూసే గుత్తేదారు దగ్గర నేను గుమాస్తాగా ఉన్నాను. బావ పేరు నేనే చెప్పాను. ఆ కబురు చెప్పినప్పుడు ఆయన సంతోషపడతాడనుకున్నాను. ఆయన గుంటలో సున్నం ఒకసారి కలియబెట్టి, కర్ర పక్కన పెట్టాడు.

“నేను పాడుచేసిన గోడలవి” అన్నాడు చివరికి. “బాగుచేసే వరస కూడా నాకే వచ్చిందన్నమాట. ఇది కుదిరితే ఇంక తాపీ పక్కన పెట్టినా నాకేం బాధ లేదు.”

సిమెంటు చెక్కడానికే రెండు నెలలు పట్టింది. బావ మర పెట్టనివ్వలేదు. చిన్న ఉలి, చిన్న సుత్తి, ఒక్కో పెచ్చు. ఆ దుమ్ములో ఉప్పు కంపు, గబ్బిలాల కంపు, మెట్ల మూలల్లో ఏళ్ళ తరబడి ఉమ్మిన ఎర్రటి చారల కంపు. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు ఉమ్మిన ఉమ్ములవి. బావ వాటిని గీకుతూ ఒకరోజు వాంతి చేసుకున్నాడు. పుస్తకాల బీరువా జరిపితే దాని వెనకాల మొట్టమొదటి పాత సున్నం ఒక జానెడు మిగిలి కనబడింది. నేను ముచ్చటపడ్డాను. బావ కొట్టి, విని, పెదవి విరిచాడు. బీరువా వెనకాల ఎవరు చూస్తారులే అని ఆ పాత మేస్త్రీ ఒక పూత ఎగ్గొట్టాడట.

“వందేళ్ళ కిందటి దొంగ వీడు. కొత్తగా ఏం చెడిపోలేదురా లోకం” అన్నాడు.

తరవాత పూతలు. మొదటిది గరుకుగా, రెండోది మట్టంగా, మూడోది సన్నటి రాతిపొడి కలిపి నున్నటి రాయితో రుద్ది. అందరినీ పంపేసి, చివరి పూత మొత్తం ఆయన ఒక్కడే రుద్దాడు. గోడలకు తడిగోనెలు వేలాడదీసి పొద్దుటా సాయంత్రం నీళ్ళు చిలకరించేవాడు. సున్నం ఎండకూడదు. తడిగా ఉంటూ, గాలి తగులుతూ, నిదానంగా గట్టిపడాలి. ఈ స్థితిలో ఉన్న గోడను మా వాళ్ళు పచ్చి అంటారు. పచ్చి గోడ పైకి తెల్లగా, గట్టిగా, అంతా అయిపోయినట్టే కనిపిస్తుంది. గట్టిగా రుద్దితే మాత్రం వేలితో పాటే వచ్చేస్తుంది.

పర్యవేక్షణకు వచ్చే ఆఫీసరుకు రుమాలు సారు అని పేరు పెట్టింది బావే. ఆయన ఎప్పుడు వచ్చినా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఎక్కడా తగలకుండా హాలు మధ్యలో నిలబడేవాడు. పాత కట్టడాలను కాపాడే మనిషికి పాత కట్టడం తాకితే జబ్బు చేస్తుందేమోనన్న భయం. పదిహేను నిమిషాలుండి, టీ తాగి, గ్లాసు కిటికీ గూట్లో పెట్టి వెళ్ళిపోయేవాడు. ప్రారంభోత్సవం తేదీ ఖాయమైందని ఒకరోజు చెప్పాడు. ఇంకా రెండు నెలలు కూడా లేదు. గోడలు సిద్ధంగా లేవని బావ అంటే, “ఏదున్నా కాగితం మీద పెట్టండి” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే బావ చెప్పాడు. రెండు చేతులకీ సున్నం, ఇసుక కుప్ప మీద గొంతుక్కూర్చున్నాడు.

“రాయి. గోడ పచ్చిగా ఉంది. ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. గోనెలు తియ్యొద్దు. నేను చెప్పేదాకా రంగు మాట ఎత్తొద్దు. అంతే.”

ఆఫీసుకు అలా రాస్తారా ఎవరైనా? ఇదేమన్నా వీధి పంపు దగ్గర పోట్లాటా? అనుకున్నాను. పెన్ను తీసి నాకు తెలిసిన దివ్యమైన భాషలో ఒకే ఒక్క వాక్యం రాశాను. ‘హాలు గోడలు ఇంకనూ పచ్చిగా ఉన్నందున తమరు తగు చర్య తీసుకొనవలసినదిగా మనవి.’ అలా రాశాననే అనుకున్నాను. బావ చెయ్యి లుంగీకి తుడుచుకుని సంతకం పెట్టాడు. కాగితం అంచున ఆయన బొటనవేలు తెల్లగా అచ్చుపడింది. అలవాటు ప్రకారం ఫోనుతో ఒక ఫోటో తీసుకుని, కాగితం ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

మూడు వారాల తరవాత అక్కకు కంటి ఆపరేషన్. ఆ పనిలో దిగాక బావ గోడల్ని వదిలి ఉన్నది ఆ ఒక్కరోజే. అది కూడా నేను గట్టిగా పట్టుబడితే. “గోడ ఎక్కడికీ పోదు బావా” అన్నాను. ఇద్దరం ఆసుపత్రిలో ఉన్నాం. అక్కను ఇంటికి చేర్చి, సాయంత్రం నీళ్ళు చిలకరించడానికి నాలుగింటికి గ్రంథాలయానికి వెళ్ళాం.

గుమ్మంలోనే ఘాటు ముక్కుకు కొట్టింది. కళ్ళు మండాయి. హాల్లో నలుగురు మనుషులు, యాసిడ్ డబ్బాలు, ఇనప కుచ్చుల బ్రష్షులు. తడిగోనెలన్నీ తీసి నేల మీద పరుచుకుని వాటి మీద నిలబడ్డారు. మనిషి ఎత్తు వరకు నాలుగు గోడలూ నురుగు కక్కుతున్నాయి. ఆ నురుగు బుసబుసమంటూ కిందికి జారి, మూలల్లో మురికి గంజిలా చేరుతోంది. 

వాళ్ళ పెద్ద మర్యాదస్తుడు. చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు.

“ఎవరు కడగమన్నారు?” అన్నాను.

“ఆఫీసువాళ్ళే సార్. గోడలు పచ్చగా ఉన్నాయంట. పాచి కడగమని కాగితం ఇచ్చారు.”

“ఎక్కడుందయ్యా పచ్చ? తెల్లగా కనపడ్డం లేదా?”

“మాకూ ఎక్కడా కనపళ్ళేదు సార్. ఎక్కడుందో తెలీక, ఎందుకైనా మంచిదని మొత్తం కొట్టాం.”

అతన్ని తిట్టడానికి నోరు తెరిచాను. ఏమని తిట్టాలి? తెల్లటి గోడ ముందు నిలబడి, కాగితంలో ఉంది కాబట్టి పచ్చదనం కడిగినవాణ్ణి ఏమంటాం? బావ తొట్టిలోంచి బకెట్టుతో నీళ్ళు ముంచి గోడ మీద పోయడం మొదలుపెట్టాడు. నేనూ పోశాను. కాసేపటికి ఆ నలుగురూ వచ్చి కలిశారు. చీకటి పడే వేళకు నురుగు తగ్గింది. నున్నగా రుద్దిన పూత పోయి, గోడంతా పుండ్లు లేచినట్టు గుంటలు పడింది. బావ వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు. రెండడుగులు జరిగి మళ్ళీ కొట్టాడు. అలా హాలు చుట్టూ తిరిగి వచ్చాడు. ఎక్కడా డొల్ల అనలేదు. అనకపోయినా నాకు వినబడింది.

“ఆఫీసులో ఎవడో తప్పు చదివాడు బావా” అన్నాను.

ఇంటికి వెళ్ళి ఫోనులో ఫోటో తీసి చూశాను. నా గుండ్రటి దస్తూరీ. ‘ఇంకనూ పచ్చగా ఉన్నందున.’ చ్చ మీద గుడి లేదు. వేళ్ళతో పెద్దది చేసి చూశాను, మరకేమోనని కిందా మీదా తిప్పి చూశాను. లేదు. పాత కట్టడాలను కాపాడే ఆఫీసుకు కాగితం రాస్తూ నేను ఎగరగొట్టింది ఒక గుడి. నవ్వొచ్చే సంగతే. ఎవరికి చెప్పినా నవ్వుతారు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్నే వెళ్ళి బావకు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే నా ఉద్యోగం పోతుందనుకున్నాను. వారం రోజుల్లో ఆయన రెండుసార్లు అడిగాడు, పచ్చి అనే రాశావు కదా అని. రెండుసార్లూ అవునన్నాను. పచ్చి అబద్ధం ఆడుతూ ఆయన కళ్ళలోకి సూటిగా చూడగలిగాను కూడా. మనిషి అంత నీచంగా ఉండి కూడా మూడు పూటలా తినగలడు, నిద్రపోగలడు. నేను తిన్నాను, పడుకున్నాను.

ఈలోపు బావ ఒక లెక్క వేసుకున్నాడు. చెడిన పూత అంతా తీసి, గోడను కడిగి, మళ్ళీ మూడు పూతలు వేసి గట్టిపడనివ్వాలంటే అయిదు నెలలు కావాలి. తప్పు ఆఫీసుదని తేలితే ఆ అయిదు నెలలు ఇవ్వక తప్పదు. లేదంటే పుట్టీ పెట్టి రంగు కొట్టిస్తారు, లోపలి ఇటుక మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన చేతులతో చెడిన గోడ ఆయన చేతులతో బాగుపడుతుందా లేదా అన్నది మొత్తం నేను రాసిన ఆ కాగితం మీదే ఆధారపడింది. “ఆ కాగితం బయటికి తియ్యమందాం. అందులో ఉన్నదేదో అందరూ చూస్తారు” అన్నాడు. నేను తలూపాను.

రుమాలు సారు గదిలో చల్లగా ఉంది. పరిమళం చిమ్మినట్టున్నారు. గుత్తేదారు ఒక పక్కన కూర్చున్నాడు. మమ్మల్ని కూర్చోమనలేదు. తప్పు ఎక్కడ జరిగిందో అర్థం కావడం లేదని సారు అంటుంటే బావ మధ్యలో అందుకున్నాడు.

“మా వైపు జరగలేదు సార్. మా బావమరిది చెయ్యి తప్పదు. ఇరవై ఏళ్ళ నుంచి నా మాట వాడే రాస్తున్నాడు. ఒక్కసారి కూడా నేను తిరిగి చదువుకోలేదు. అసలు కాగితం తెప్పించండి.”

 అప్పుడైనా నోరు విప్పొచ్చు. నీళ్ళు నములుతూ నిలబడ్డాను. గుమాస్తా ఫైలు తెచ్చాడు. సారు ఒకసారి చూసి, నా వైపు చూసి, పెదవులు ఒక పక్కకు లాగి నవ్వి, కాగితం బల్ల మీద నుంచి బావ వైపు తోశాడు. బావ జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

“హా...లు గో...డ...లు... ఇంకనూ... ప...చ్చ...గా...”

అక్కడ ఆగాడు. వేలు వెనక్కి జరిపి మళ్ళీ చదివాడు. తరవాత కాగితం చివరిదాకా చదివాడు. చిన్న కాగితమే, అయినా చాలాసేపు పట్టింది.

“చెప్పండి” అన్నాడు సారు. “ఇది మీ బావమరిది పొరపాటా? అలాగైతే ఆయన మీద రాసుకుంటాం. గుత్తేదారుగారు ఇక్కడే ఉన్నారు.”

బావ అద్దాలు తీసి మడిచాడు. నా వైపు చూడలేదు.

“నేనే అలా అని ఉంటాను సార్” అన్నాడు. “నోట్లో సున్నం పొడి పడితే నా మాట సరిగ్గా రాదు. వాడు విన్నదే రాశాడు.”

“అంటే పొరపాటు మీదే.”

“నాదే.”

సారు హాయిగా వెనక్కి వాలాడు. ఎవరికీ ఇబ్బంది లేకుండా తేలిపోయింది. గడువు పొడిగించే ప్రశ్నే లేదన్నాడు. పుట్టీ పని రేపటి నుంచే మొదలుపెట్టమని గుత్తేదారుకు చెప్పాడు. తరవాత జరగాల్సిన పై అంతస్తు పనికి బావ బదులు ఇంకో మనిషిని చూసుకోమన్నాడు. ఆ తరవాత రుమాలుతో బల్ల మీద బావ వేలు ఆనిన చోటు తుడిచాడు. నాకు ఆ మనిషిని చూస్తే రోత పుట్టింది. అంతకు రెండింతలు నన్ను చూసుకుంటే పుట్టింది. అయినా బయటికి వచ్చేటప్పుడు అలవాటుగా ఆయనకు నమస్కారం పెట్టాను.

బస్‌స్టాపు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ నీడలో నిలబడ్డాక చెబుదామని నోరు తెరిచాను.

“బావా, ఆ గుడి...”

“గుడి సంగతి వదిలెయ్” అన్నాడు. “రాసేటప్పుడు చెయ్యి జారుతుంది. పూసేటప్పుడు నాకూ జారుతుంది. ఎవరూ చెయ్యి వెయ్యొద్దు అని చెప్పాను కదరా నీకు. గోనెలు తియ్యొద్దు అన్నాను. ఆ మాటలు కాగితంలో లేవేం?”

వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆఫీసు ఆ నలుగుర్నీ గోడ కడగడానికి పంపేది కాదు. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. వారం రోజులుగా ఆ గుడినే చూస్తూ కూర్చున్నాను.

“ఆఫీసు కాగితం కదా బావా. అలా రాస్తే బాగుండదని.”

“బాగుండదని” అన్నాడు.

బస్సు వచ్చింది. ముందు ఆయన ఎక్కాడు, వెనకాల నేను ఎక్కాను. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. నేను దగ్గరికి వెళ్ళేలోపు, ఒళ్ళోని పనిసంచి తీసి దాని మీద పెట్టాడు.